పాత నంబరు ముప్ఫై నాలుగు

ఫిబ్రవరి 3, సోమవారం

టెలిఫోన్ వాళ్ల కాగితం వచ్చింది. రాగి తీగల లైన్లన్నీ ఈ నెలాఖరుకు తీసేస్తారట. కావాలన్నవాళ్లు ఫైబరుకు మారాలట, అక్కర్లేనివాళ్లు ఫోను తిరిగి ఇచ్చెయ్యాలట. మా అబ్బాయి నాగేంద్రబాబు బండి మీద కూర్చునే చదివి, "హమ్మయ్య, వాళ్లే తీసేస్తన్నారు" అన్నాడు. పీడ విరగడైనట్టు ఆ హమ్మయ్య ఏమిటో.

కోడలు జ్యోతిర్మయి ఫోను బల్ల ఉన్న మూలను అప్పుడే కళ్లతో కొలిచేసుకుంది. అక్కడ ఇన్వర్టరు పెడుతుందట.

"తీయటానికి వీల్లేదు" అన్నాను.

"ఎందుకమ్మా? నెలకోసారన్నా మోగిద్దా అది?"

"మోగకపోతే నీకేం? నిన్నేమన్నా అన్నం పెట్టమందా?"

తల్లీకొడుకులం కాసేపు గట్టిగానే అరుచుకున్నాం. వాడు సత్తెనపల్లిలో ఎరువుల కొట్టు తెరవటానికి వెళ్లిపోయాడు. నేను బీరువాలోంచి ఈ డైరీ తీశాను. ఇది 2012 నాటిది, ఆయన పోయిన సంవత్సరానిది. పురుగుమందుల కంపెనీ వాళ్లు ఇస్తే ఆయన జనవరిలో నాలుగు పేజీలు రాసి వదిలేశారు. వారాలు కొట్టేసి దిద్దుకుంటూ రాస్తున్నాను. ఎవరికీ చూపించేది కాదు.

ఫిబ్రవరి 4

తీయించను. అంతే.

ఫిబ్రవరి 6, గురువారం

కాగితం వచ్చిన దగ్గర్నుంచీ పాత సంగతులే గుర్తొస్తున్నాయి.

ఊళ్లో మొదటి ఫోను మాది. 1986లో వచ్చింది. ఆయన మిర్చి వ్యాపారం గుంటూరు యార్డుతో, రోజూ రేటు తెలియాలి కదా. ఆ మొదటి సెట్టుకు అంకెల చక్రం కూడా లేదు. రిసీవరు ఎత్తితే ఎక్స్‌ఛేంజిలో మనిషి పలికేవాడు. "ఎవరు కావాలండీ?" అనేవాడు. పొరుగూరు కలపాలంటే ట్రంకాల్ బుక్ చేసి, అన్నం తినకుండా కూర్చోవాలి. మా నంబరు 34. రెండే అంకెలు. తొంభై అయిదులో ఆటోమేటిక్ ఎక్స్‌ఛేంజి పెట్టినప్పుడు ముందు ఇంకో మూడు అంకెలు చేర్చి అయిదు చేశారు. ఇప్పుడున్న నల్ల సెట్టు అప్పుడిచ్చిందే. అందులో తొమ్మిది తిప్పితే చక్రం వెనక్కి రావటానికి ఎంతసేపో. నంబరులో రెండు సున్నాలుంటే వేలు నొప్పి పుట్టేది. ఆ తర్వాత అన్నిటికీ ముందు ఒక రెండు తగిలించి ఆరంకెలు చేశారు. నొక్కుడు బిళ్లల సెట్టు ఇస్తామంటే నేనే వద్దన్నాను.

అయినా ఈ ఊరికి మేం ముప్ఫై నాలుగే. పెళ్లి శుభలేఖ ఎవరిదైనా సరే, కింద "పి.పి. 34" అని ఉండాల్సిందే. ఎవరి ఫోనో వస్తుంది, మేం పెట్టేసి మనిషిని పంపుతాం, అవతలవాళ్లు పావుగంటలో మళ్లీ చేస్తారు. ఈలోపు మన మనిషి పరిగెత్తుకుంటూ వస్తాడు. సగం గడ్డం గీసుకుని నురుగుతో వచ్చినవాళ్లున్నారు. పిండి చేతులతో వచ్చి రిసీవరుకు బొట్లు పెట్టిన ఆడవాళ్లున్నారు. నన్ను ఫోను సుబ్బరావమ్మ అనేవాళ్లు. ఇప్పటికీ పాతవాళ్లు అంటారు. వినటానికి బాగానే ఉంటుంది, దాపరికం దేనికి.

మావాళ్లయితే హాల్లో కుర్చీలో కూర్చుని మాట్లాడేవాళ్లు. చర్చి వీధి పల్లెవాళ్లు కిటికీ అవతల నిలబడేవాళ్లు. ఊచల్లోంచి రిసీవరు అందించేవాళ్లం. అది మా అత్తగారు వీరమ్మగారు పెట్టిన పద్ధతి. ఆవిడకు ఎదురు చెప్పేదెవరు?

ఫిబ్రవరి 8, శనివారం

ప్రేమమ్మ ఉడకబెట్టిన కందికాయలు తెచ్చింది. గిన్నె నిండా. ఇద్దరం హాల్లో కూర్చుని ఒలుచుకు తింటూ గంట సేపు కబుర్లు చెప్పుకున్నాం.

ప్రేమమ్మది చర్చి వీధి. ఒకప్పుడు మా చేలో మిరపకాయలు కోసింది, తర్వాత అంగన్‌వాడీలో ఆయాగా చేసి రిటైరైంది. కూతురు మహిమ స్కూలు టీచరు. కరోనాలో నాకూ నాగేంద్రబాబుకూ జ్యోతిర్మయికీ ముగ్గురికీ ఒకేసారి వస్తే చుట్టాలెవరూ గుమ్మం దాకా రాలేదు. ప్రేమమ్మ పద్నాలుగు రోజులు పొద్దునా సాయంత్రం జావ కాచి తెచ్చింది. ఆ కిటికీ దగ్గరే పెట్టి, "అక్కా, తాగండి, గిన్నె నేను తీసుకెళ్తా" అని కేకేసేది. అంతకు ముందు అమ్మగారూ అనేది. అక్కా అనటం అప్పుడు మొదలైంది. నాకు సొంత చెల్లెళ్లు ఇద్దరున్నారు గానీ వాళ్లు అక్కా అంటే ఇంత చల్లగా ఉండదు.

వాళ్లమ్మ దీనమ్మ సమాధికి రాయి వేయిస్తోందట, ఈస్టరు లోపల. నల్ల రాయి. సత్తెనపల్లిలో చెక్కేవాడు ఇరవై రెండో తారీఖున మొదలుపెడతాడట.

"రాసే మాటలు కాగితం మీద మీరు రాసియ్యండక్కా. మీ అక్షరం గుండ్రంగా ఉండిద్ది. చెక్కేవాడు తప్పుల్లేకుండా దింపుతాడు."

రాశాను. దీనమ్మ పేరు, పుట్టిన సంవత్సరం, ప్రభువునందు నిద్రించిన తేదీ ఆగస్టు 19, 1994. కింద కుమార్తె ప్రేమమ్మ, మనవరాలు మహిమ.

"మార్క్ పేరు?" అన్నాను. పెన్ను ఇంకా కాగితం మీదే ఉంది.

మార్క్ ఆమె తమ్ముడు. ప్రేమమ్మ మిరపకోతలకు పోయి టీచరు ట్రైనింగు చదివిస్తుంటే వాడు సగంలో మానేసి వచ్చాడు. ఆ కోపంలో చెంప మీద కొట్టింది. వాడు ఇల్లు వదిలి పోయాడు. తొంభై మూడులో.

"వాడి పేరొద్దు" అంది ప్రేమమ్మ. "మాయమ్మ ఆరు నెలలు మంచంలో ఉండి వాడి పేరే తలుచుకుంది. మీ నంబరు వాడికి నోటికొచ్చు. ఒక్క ఫోను, ఒకే ఒక్క ఫోను చేస్తే మాయమ్మ ప్రాణం నెమ్మదిగా పోయేది. చెయ్యలా. అట్టాంటోడి పేరు ఆమె రాయి మీద ఎందుకక్కా? రాయొద్దు."

కళ్లు తుడుచుకుంది. కందికాయల తొక్కలన్నీ ఏరి గిన్నెలో వేసుకుంది. నేను కాగితం మడిచి ఇచ్చాను.

ఆ సంవత్సరం ఫిబ్రవరిలో మా లైను పనిచెయ్యలేదు. గాలికి స్తంభం పడిపోయి చాలా రోజులు మూగగా ఉంది. వాడు చేసి ఉంటే మాత్రం మాకెలా తెలుస్తుంది?

ఫిబ్రవరి 9, ఆదివారం

స్తంభం పడిన మాట నిజం. ఆయన మనుషుల్ని పెట్టి లేపించారు. నాకు బాగా గుర్తు.

ఫిబ్రవరి 12, బుధవారం

స్తంభం పడింది అంతకు ముందటేడు వానాకాలంలో. ఫిబ్రవరిలో గాలివాన ఎక్కడ చచ్చింది? ఇంత వయసొచ్చాక తేదీలు కలగాపులగం అవుతాయి మరి.

సరే, ఫోను వచ్చింది. మార్క్ దగ్గర్నుంచే వచ్చింది. నాగపూర్ నుంచి ట్రంకాల్. కానీ మిరపకోతల రోజులు. ఊరంతా కల్లాల్లో ఉంది. కాయలు ఆరబోసుకుంటూ, తాలుకాయ ఏరుకుంటూ మనిషన్నవాడు ఇళ్లలో లేడు. మా ఇంట్లో ఫోనొచ్చిందని కబురు చెప్పటానికి పరిగెత్తే అంకయ్య కూడా ఆయనతో యార్డుకు పోయాడు. ఎవర్ని పంపను? అత్తగారేమో మంచంలో ఉంది. పంపటానికి ఎవరూ లేరు. వాడి అదృష్టం అంతే అనుకున్నాను.

ఫిబ్రవరి 13

ఎవరూ లేరని రాశాను. నేనున్నాను.

ఫిబ్రవరి 15, శనివారం

లైన్‌మన్ కోటేష్ వచ్చాడు. వాళ్ల నాన్న కూడా లైన్‌మనే, మా మొదటి ఫోను బిగించింది ఆయనే. అందుకని కోటేష్ మమ్మల్ని చుట్టాల్లాగే చూస్తాడు. కాఫీ ఇచ్చేదాకా పని సంగతి ఎత్తడు.

"ఏం చేద్దామంటారు? తీసేద్దామా?"

"ఫైబరు వేస్తే నంబరు మారుతుందా?" అని అడిగాను.

"మారదమ్మా, అదే ఉండిద్ది. ఈ చక్రం సెట్టు కూడా తగిలించొచ్చు. కాకపోతే దీంట్లోంచి బయటికి కలవదు. వస్తే మాత్రం మోగిద్ది."

"అది చాలు."

జ్యోతిర్మయి గుమ్మంలో నిలబడి వింటోంది. "ఎవరు చేస్తారని అత్తయ్యా? అందరికీ మన సెల్లు నంబర్లున్నాయిగా" అంది. ఎగతాళిగా అనలేదు, పాపం. నిజంగానే అడిగింది.

"పాత నంబరు ఒక్కటే తెలిసినవాళ్లు ఎవరన్నా చేస్తేనో?" అనేశాను.

కోటేష్ నవ్వాడు. "పాత నంబరంటే ముప్ఫై నాలుగా? అది తొంభై అయిదులోనే పోయింది కదమ్మా! ఇప్పుడు ముప్ఫై నాలుగు తిప్పి కూర్చుంటే కొండకీ పోదు, గుట్టకీ పోదు. ఎక్కడా మోగదు."

నాకు తెలియదా? ఆరో తారీఖున నా చేత్తో నేనే రాశాను కదా, అంకెలు ఎప్పుడెప్పుడు పెరిగాయో. రెండు అయిదై, అయిదు ఆరైంది. మార్క్ దగ్గరున్నది రెండంకెలే. ముప్ఫై ఏళ్లుగా బిల్లు కట్టించి, పిల్లలతో పోట్లాడి, ఆ గంట వినపడేంత దూరంలోనే మంచం వేసుకుని పడుకుంటున్నాను. వాడు ఎప్పటికైనా చేస్తాడు, ఈసారి పిలుస్తాను, లెక్క సరిపోతుంది అనుకుంటూ. వాడు చేయాలనుకున్నా చేయలేని నంబరు పెట్టుకుని!

వాడి కోసం ఉంచానని చెప్పుకున్నాను. నన్ను నేను జో కొట్టుకున్నాను.

కోటేష్‌కు ఫైబరు వెయ్యమనే చెప్పాను. ఎందుకో నాకే తెలియదు.

ఫిబ్రవరి 17, సోమవారం

ఉన్నది ఉన్నట్టు రాస్తాను. రాసి తీరాలి. ఇరవై రెండుకి ఇంక అయిదు రోజులే ఉంది.

మార్క్ ఫోను చెయ్యటానికి రెండు వారాల ముందు ఒకటి జరిగింది. ప్రేమమ్మ ఎవరి కబురు కోసమో వచ్చి వసారాలో కూర్చుంది. హాల్లో ఎవరూ లేరు. ఫోను మోగింది. మోగీ మోగీ ఆగిపోతుందేమోనని లోపలికి వచ్చి ఎత్తింది. వంటింట్లోంచి వచ్చి చూసి నేను ఒంటికాలి మీద లేచాను. "ఎవరు రమ్మన్నారే నిన్ను లోపలికి?" అని.

"మోగతా ఉంటే ఎత్తానమ్మగారూ" అంది. తల దించలేదు. "నా చెయ్యి తగిలితే దానికేమన్నా జబ్బు చేసిద్దా?"

మిరపకాయల బేరానికి వచ్చిన నలుగురు వసారాలో ఉన్నారు. నవ్వారు. ఆమెను చూసి కాదు, నన్ను చూసి. ఒళ్లు మండిపోయింది. ఆ మంట రెండు వారాలైనా చల్లారలేదు.

కిటికీ పద్ధతి అత్తగారిదని రాశాను. మొదలుపెట్టింది ఆవిడే. కానీ తొంభై రెండులోనే ఆవిడకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. మాట్లాడలేని మనిషి పేరు చెప్పి ఆ తర్వాత అన్నేళ్లు నడిపింది నేను. ఎత్తేద్దామంటే అడ్డం వచ్చేవాళ్లెవరూ లేరు. ఆయన కూడా ఒకసారి "ఇంకెందుకే ఇదంతా" అన్నారు.

ఆ రోజు మధ్యాహ్నం ఫోను మోగింది. "నాగపూర్ నుంచి ట్రంకాల్, మాట్లాడండి" అన్నారు ఎక్స్‌ఛేంజి వాళ్లు.

"అమ్మగారూ, నేను మార్క్‌ని. దీనమ్మ కొడుకుని. ఒక్కసారి మా అక్కని పిలిపించరా? పావుగంట ఆగి మళ్లీ బుక్ చేస్తా."

సరే అన్నాను. రిసీవరు పెట్టేశాను. చర్చి వీధికి పోయి రావటానికి పావుగంట చాలు. నా కాళ్లు అప్పుడు బాగానే ఉన్నాయి. నేను కుర్చీలో కూర్చుని గోడ గడియారం చూస్తూ ఉన్నాను. లేచి వెళ్దామని ఒకసారి కూడా అనిపించలేదని రాస్తే అబద్ధం. అనిపించింది. నా చెయ్యి తగిలితే జబ్బు చేస్తుందా అన్నది కదా, ఇప్పుడు చూద్దాం అని కూర్చున్నాను.

మళ్లీ మోగింది.

"మీ అక్క రానందయ్యా" అన్నాను. "నీతో మాటల్లేవంది."

అవతల నుంచి గరగరమని శబ్దం ఒక్కటే వచ్చింది.

"మాయమ్మ ఎట్టా ఉందమ్మగారూ?"

"బాగానే ఉంది."

అప్పటికే దీనమ్మ మంచం పట్టి ఉంది. ఊరందరికీ తెలుసు.

"సరే. నేను చేశానని మాత్రం చెప్పండి" అన్నాడు.

అది కూడా చెప్పలేదు. రెండు మూడు రోజులు పోయాక చెబుదామనుకున్నాను. తర్వాత చెబితే మొదటి మాట బయటపడుతుందని మానేశాను. ఆగస్టులో దీనమ్మ పోయింది. ఇంక ఎలా చెప్పను?

ఫిబ్రవరి 18

ప్రేమమ్మ వచ్చింది. నా మోకాలికి ఏదో తైలం తెచ్చి తనే రాసింది. "అక్కా, ఎండలో తిరగమాకండి" అంది. చెప్పలేకపోయాను.

చెబితే ఆమెకు తమ్ముడు దక్కుతాడు. మనిషి కాదు, కనీసం వాడి మీద మంచి అభిప్రాయమన్నా దక్కుతుంది. నాకు అక్కా అనేవాళ్లు పోతారు. ఇంతే విషయం. ఇంత తేలిగ్గా రాయగలిగినదాన్ని నోటితో అనలేకపోయాను.

ఫిబ్రవరి 20, గురువారం

వెళ్లాను.

పొద్దున్నే జ్యోతిర్మయి పాలు పోయించుకుంటుంటే కర్ర తీసుకుని బయల్దేరాను. "ఎక్కడికత్తయ్యా?" అంటే "ఇక్కడికే" అన్నాను. ఈ ఊరికి కాపురానికి వచ్చి నలభై ఏడేళ్లయింది, చర్చి వీధిలో అడుగు పెట్టటం ఇదే మొదలు. జావ తెచ్చిపెట్టిన మనిషి ఇల్లు ఎక్కడో అడిగి తెలుసుకోవాల్సి వచ్చింది. సిగ్గేసింది.

ప్రేమమ్మ వరండాలో కూర్చుని ఎండు మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. నన్ను చూసి గబుక్కున లేచింది.

"ఏందక్కా, మీరొచ్చారు? ఒక్క ఫోను కొడితే నేనే వచ్చేదాన్నిగా!"

దారి పొడుగునా మాటలు కూర్చుకుంటూ వచ్చాను. కూర్చుందాం, ముందు మంచినీళ్లడుగుదాం, మెల్లగా ఎత్తుదాం అని. అన్నీ ఎగిరిపోయాయి. ముప్ఫై ఏళ్ల కింద అనాల్సిన మాట ఒక్కటే నోట్లో మిగిలింది.

"ప్రేమమ్మా, నీకు ఫోనొచ్చింది."

"నాకా? మీ ఇంటికా? ఎవరు?"

"మార్క్."

చాట కింద పడింది. కాయలన్నీ వరండా నిండా చెదిరాయి. నేను నోరు తెరిచేలోపే మెట్లు దిగేసింది. చెప్పుల్లేవు. అరవై రెండేళ్ల మనిషి, కొంగు దోపుకుని, "లైన్లో ఉన్నాడా అక్కా? లైన్లో ఉన్నాడా?" అంటూ మా ఇంటి వైపు పరిగెత్తుతోంది.

నేను కేక పెట్టాను. కర్ర పారేసి వెళ్లి రెక్క పట్టుకున్నాను.

"ఇప్పుడు కాదు. తొంభై నాలుగులో. అమ్మ పోయిన ఏడాది ఫిబ్రవరిలో చేశాడు. నేను నిన్ను పిలవలేదు."

ఇంత పాపిష్టిదాన్నా నేను? చేసిన అన్యాయం చాలక, ఆ మనిషిని వీధిలో అలా పరిగెత్తించాను. కావాలని చేయలేదు. అప్పుడూ ఇప్పుడూ ఆమెకు దక్కింది మాత్రం ఒకటే, అందని ఫోను.

తిరిగొచ్చి వరండాలో కూర్చుంది. నేను మెట్టు మీద కూర్చుని మొత్తం చెప్పాను. కిటికీ, గడియారం, రానందన్న మాట, అమ్మ బాగుందన్న మాట. ఏదీ దాచలేదు. ఆమె పడిపోయిన కాయలు ఒక్కొక్కటీ ఏరి చాటలో వేసింది. మళ్లీ తొడిమలు తీయటం మొదలుపెట్టింది. తిట్టలేదు. తిడితే బాగుండేది.

చాటలో కాయలన్నీ అయ్యాక, "ఎండెక్కిద్ది, ఇంటికి పోండి అమ్మగారూ" అంది.

అమ్మగారూ అంది.

ఫిబ్రవరి 21

రాలేదు.

ఫిబ్రవరి 22, శనివారం

రాలేదు. ఇవాళ చెక్కేవాడు పని మొదలుపెట్టే రోజు. నా గుండ్రటి అక్షరాలు రాతిలోకి దిగుతుంటాయి. కుమార్తె, మనవరాలు. అంతే.

ఫిబ్రవరి 23, ఆదివారం

చర్చి మైకులో పాటలు వినపడ్డాయి. ప్రేమమ్మ గొంతు గుర్తుపడతాను. ఇవాళ వినపడలేదు.

జ్యోతిర్మయి నా పక్కన కూర్చుని "ఏమైందత్తయ్యా, ప్రేమమ్మగారు రావట్లేదు, మీరు సరిగ్గా తినట్లేదు" అంది. చెప్పాను. ఈ పిల్లకు చెబుతానని ఎప్పుడూ అనుకోలేదు. ఓదార్చలేదు. "చాలా తప్పు చేశారత్తయ్యా" అంది. అని అన్నం కలిపి తెచ్చి పెట్టింది.

ఫిబ్రవరి 25, మంగళవారం

సాయంత్రం ప్రేమమ్మ వచ్చింది. వసారా ఎక్కలేదు. కిటికీ అవతల వచ్చి నిలబడింది. రిసీవరు అందించిన కిటికీ, జావ గిన్నె పెట్టిన కిటికీ అదే.

"లోపలికి రా ప్రేమమ్మా" అన్నాను.

"ఇక్కడే బాగుందమ్మగారూ. వాడేమన్నాడో చెప్పండి. మీ మాటలొద్దు నాకు. వాడన్నది అన్నట్టు చెప్పండి."

చెప్పాను.

"మళ్లీ."

మళ్లీ చెప్పాను. ఊచలు రెండు చేతులతో పట్టుకుని, తల ఆనించి వింది. మూడోసారి అడిగింది. మూడోసారీ చెప్పాను. మా అక్కని ఒక్కసారి పిలిపించరా. మాయమ్మ ఎట్టా ఉంది. నేను చేశానని మాత్రం చెప్పండి.

"గొంతెట్టా ఉంది? ఏడుస్తన్నాడా?"

"లేదు. జలుబు చేసినట్టుంది."

"వాడికి చలికాలం పడదు" అంది. "చిన్నప్పట్నుంచీ అంతే. వాము కాచి తాపేదాన్ని."

అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను గానీ నా ఏడుపుకు అక్కడ విలువేముంది? ఊచల్లోంచి చెయ్యి పెట్టి పట్టుకుందామనుకుని మానుకున్నాను. ఆ చొరవ నాది కాదిప్పుడు.

కళ్లు తుడుచుకుని రవికెలోంచి కాగితం తీసింది. నేను రాసిచ్చిన కాగితమే.

"చెక్కేవాణ్ని ఆపాను. దీంట్లో ఒక పేరు తగ్గింది. రాయండి."

ఊచల్లోంచి అందించింది. ఫోను బల్ల మీద పెట్టుకుని రాశాను. కుమార్తె పేరు పైన, కుమారుడు మార్క్. అక్షరం గుండ్రంగా రాలేదు. అలాగే ఇచ్చాను. చూసి మడుచుకుని వెళ్లిపోయింది.

ఫిబ్రవరి 28, శుక్రవారం

కోటేష్ వచ్చి రాగి తీగ లాగేశాడు. గోడలో నుంచి వస్తూ ఉంటే ఇంత పొడుగు తీగ ఇన్నాళ్లూ ఎక్కడుందో అనిపించింది. సన్నటి దారం లాంటిది కొత్తది లోపలికి తెచ్చి, ఒక తెల్ల డబ్బా బిగించి, నా నల్ల సెట్టును దానికి తగిలించాడు. ఇన్వర్టరును జ్యోతిర్మయి తనే వెనక గదిలో పెట్టించుకుంది.

"నా సెల్లు నుంచి చేసి చూస్తా ఉండండమ్మా" అని కోటేష్ జేబులో చెయ్యి పెట్టేలోపే అది మోగింది. ముగ్గురం ఉలిక్కిపడ్డాం. పాత గంటే. ఇల్లంతా వినపడే గంట.

ఎత్తాను.

"అమ్మగారూ, నేను ప్రేమమ్మని."

"చెప్పు ప్రేమమ్మా."

"మహిమ మార్క్ ఫొటో ఫేస్‌బుక్‌లో పెట్టింది, ట్రైనింగు రోజుల్లో దిగింది. అందరికీ పంపతంది. నాగపూర్‌లో తెలుగు చర్చిలుంటే వాళ్లకి కూడా పంపింది. దాని కింద మీ నంబరు వేయించాను."

"నా నంబరు దేనికి? నీ సెల్లు నంబరు వెయ్యకుండా?"

"నా సెల్లు నంబరు వాడికేం తెలుసు? మీ నంబరు వేసి, పక్కన పాత నంబరు ముప్ఫై నాలుగు అని కూడా రాయించా. అది చూస్తే మన ఊరేనని వాడికి తెలిసిద్ది. ఇరవై రెండేళ్ల పిల్లోడు పోయాడు, ఇప్పుడు యాభై దాటుంటాడు. ఉన్నాడో లేడో దేవుడికి తెలియాలి. ఉంటే మాత్రం చేస్తాడు."

"చేస్తాడు" అన్నాను. "చేసిన మరుక్షణం నీ సెల్లుకు..."

"సెల్లుకొద్దు. మీరు రావాలి. జ్యోతిర్మయిని పంపొద్దు, బండి మీద ఎవర్నీ పంపొద్దు. మీరే నడిచొచ్చి మా ఇంటి ముందు నిలబడి పిలవాలి. నేనొచ్చిందాకా వాణ్ని పెట్టెయ్యొద్దని చెప్పి రండి."

"వస్తాను."

"మోకాలికి తైలం రాస్తన్నారా?"

"రాస్తున్నాను."

"రాయండి. నడవాలిగా" అని పెట్టేసింది. అక్కా అనలేదు.

కోటేష్ వెళ్లాక కర్ర తెచ్చి ఫోను పక్కన మేకుకు తగిలించాను. వాకిట్లోంచి నా చెప్పులు తెచ్చి బల్ల కింద పెట్టాను. ఎత్తగానే కాలు పెట్టటానికి వీలుగా, వీధి గుమ్మం వైపు తిప్పి పెట్టాను. చెప్పులు ఇంట్లోకెందుకత్తయ్యా అంది జ్యోతిర్మయి. ఉండనీ అన్నాను.